అందరి వైద్యం ఎవరి జిమ్మా?

(గాంధారిలో జరిగిన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఉర్దూలో మాట్లాడాలా, తెలుగులోనా అని కార్యదర్శి గారిని ముందే అడిగాను. "ఇది తర్వాత సావనీరులో అచ్చు వేస్తాం. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడినా చదివేది తెలుగే. తెలుగులోనే కానీయండి" అన్నారు. అందుకే తెలుగు.

నాకు ఇచ్చిన ప్రశ్న పెద్దది. ప్రజలందరి వైద్యానికి ప్రభుత్వమే పూచీ పడాలా, వద్దా? ఢిల్లీలో, హైదరాబాద్‌లో పెద్దలు వాదించుకునే ప్రశ్న ఇది. మన సొసైటీలోకి ఎట్లా వచ్చిందో మీకు తెలుసు. మెడికల్ సాయం కింద ఎంత పెట్టాలి అనే దగ్గర రెండు మాటలు వచ్చాయి. "ఆరోగ్యశ్రీ పది లక్షలు అయింది కదా, ఇంకా మన జకాత్ పైసలు దవాఖాన బిల్లులకు ఎందుకు? చదువులకు మళ్ళిద్దాం" అని కొందరు. "సర్కారును నమ్ముకుంటే మనిషి దక్కడు. మన ఫండే పెంచుదాం" అని ఇంకొందరు. ఇద్దరూ అనుభవం మీద మాట్లాడినవాళ్ళే. నేను వైద్య శాఖలో ముప్పై ఏళ్ళు ఊళ్ళు తిరిగి ఉద్యోగం చేసి దిగినవాణ్ణి. నా మాట ముందే చెప్పేస్తాను. పూచీ ప్రభుత్వానిదే. మన ఫండ్ ఎంత పెంచినా దానికి బదులు కాలేదు. అట్లాగని సర్కారు కార్డు వచ్చింది కాబట్టి మన పని అయిపోయిందనేది కూడా తప్పు లెక్కే. ఎందుకంటే ఆ కార్డు సగం పూచీయే.

మొదట మన ఫండ్ సంగతి, అంకెల్లో చూద్దాం. కిడ్నీలు పోయిన ఒక మనిషికి వారానికి మూడుసార్లు డయాలసిస్ కావాలి. ఏడాదికి 156 సార్లు. బయట ఒక్కోసారికి రెండు వేలు అనుకుందాం, 3,12,000 రూపాయలు. జకాత్ నూటికి రెండున్నర. అంటే ఒక్క మనిషి డయాలసిస్ ఒక్క ఏడాది నడవాలంటే కోటీ 24 లక్షల 80 వేల రూపాయల సొమ్ము మీద వచ్చే జకాత్ మొత్తం కావాలి. మన మండలంలో ఆ స్థోమత గల ఇళ్ళు ఎన్ని? అటువంటి రోగులు ఎందరు? రెండో ఏడాది ఏం చేద్దాం? ఇంకో సంగతి కూడా ఉంది. ఎక్కువమంది ఉలమాల అభిప్రాయం ప్రకారం జకాత్ ముస్లిం పేదలకే చెందాలి. సదఖా ఎవరికైనా ఇవ్వవచ్చు, ఇస్తున్నాం కూడా. కానీ మన పక్క తండాలో ఉన్న లంబాడా తల్లికి కిడ్నీలు పోతే మన ఫండ్ నియమాలు ముందు వెతుక్కోవాలి. దానధర్మానికి ఎప్పుడూ ఒక హద్దు ఉంటుంది. ఇచ్చేవాడి శక్తి ఒక హద్దు, ఇచ్చేవాడి ఇష్టం ఇంకో హద్దు. రోగానికి ఆ హద్దులు తెలియవు.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఆరోగ్యశ్రీ రాకముందు, గుండెకు రంధ్రం ఉన్న పిల్లను ఎత్తుకొని తండ్రి హైదరాబాద్ పోయేవాడు. దవాఖాన వాళ్ళు ఒక కాగితం మీద ఖర్చు రాసిచ్చేవాళ్ళు. ఆ కాగితం పట్టుకొని ఎమ్మెల్యే దగ్గరికి, ఎమ్మెల్యే చిట్టీ పట్టుకొని ముఖ్యమంత్రి సహాయ నిధికి. 2004 మే నుంచి 2007 జూన్ వరకు, మూడేళ్ళలో, సహాయ నిధి నుంచి 55 వేలకు పైగా కేసులకు 168 కోట్ల రూపాయలు ఇచ్చారు. పెద్ద మొత్తమే. అయితే పైరవీ తెలిసినవాడికి, ఎమ్మెల్యే ఇంటి దారి తెలిసినవాడికి అందింది. దారి తెలియనివాడి పిల్ల సంగతి ఏ లెక్కలోనూ లేదు.

2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. 2008 జూలై నాటికి మన నిజామాబాద్ జిల్లాతో సహా రాష్ట్రమంతా వచ్చింది. తెల్ల కార్డు ఉంటే చాలు, కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభై వేలు. దవాఖాన గుమ్మంలోనే ఆరోగ్యమిత్ర కూర్చుని ఉంటాడు. చిట్టీ అక్కర్లేదు, సిఫారసు అక్కర్లేదు. తప్పులు చాలా ఉన్నాయి, చెప్తాను. కానీ అడుక్కోవడం ఒకటి, అడిగి తీసుకోవడం ఇంకొకటి. ఈ తేడా డబ్బుతో కొలిచేది కాదు. ఆ తండ్రి మొహం చూసినవాళ్ళకు తెలుస్తుంది. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చింది, కుటుంబానికి ఐదు లక్షలు. తెలంగాణ 2021లో అందులో చేరింది. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పది లక్షలు అయింది.

మరి పూచీ దొరికినట్టేనా? దొరికి ఉంటే ఎల్లారెడ్డి క్యాంపు ఆఫీసులో సీఎంఆర్‌ఎఫ్ చెక్కుల పంపిణీ ఎందుకు ఇంకా జరుగుతుంది? ఎల్‌ఓసీ కోసం జనం ఎందుకు తిరుగుతున్నారు? మన సొసైటీ అల్మారాలో ఆ దరఖాస్తుల ఫైలు ఎందుకు ఉంది? పార్టీలు మారినా చెక్కుల ఫోటోలు మారలేదు. నేను ఏ పార్టీనీ అనడం లేదు, అన్ని పార్టీలనూ అంటున్నాను.

కార్డు ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం. మన మండలంలో ఏ ఊరికి పోయినా కనిపించే ఇల్లు ఒకటి మనసులో పెట్టుకోండి. ఆమె బీడీలు చుడుతుంది. భర్త మేస్త్రీ పనికి పోతాడు. ఆమెకు షుగర్, అత్తకు బీపీ. ముందుగా ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు, ఎందుకంటే అతను రాత్రి పదింటికి కూడా ఇంట్లో ఉంటాడు, బాకీ కూడా పెట్టుకుంటాడు. తగ్గకపోతే కామారెడ్డి. అక్కడ డాక్టరు ఫీజు, రక్త పరీక్షలు, నెలకు సరిపడా గోలీలు, ఇద్దరికి బస్సు చార్జీలు, ఆ రోజు కూలి. అన్నీ కలిపి నెలకు సగటున పదిహేను వందలు అనుకుందాం. ఏడాదికి 18 వేలు, పదేళ్ళకు లక్షా 80 వేలు. ఈ పదేళ్ళలో ఎవరూ మంచం ఎక్కి దవాఖానలో పడుకోలేదు. కాబట్టి పది లక్షల కార్డు ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఆరోగ్యశ్రీ ముఖ్యంగా ఆపరేషన్లకు, అడ్మిషన్ కావాల్సిన జబ్బులకు. ఓపీ మందులు, పరీక్షలు అందులోకి రావు. షుగర్ గోలీకి తలుపు తీయని కార్డు, అదే షుగర్ ముదిరి కిడ్నీలు పోయిన తర్వాత డయాలసిస్‌కు తలుపు తీస్తుంది.

దేశమంతటా ఇదే కథ. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం మన దేశంలో వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం తమ జేబులోంచి అప్పటికప్పుడు కట్టిందే. 2013-14లో అది 64.2 శాతం ఉండేది. తగ్గింది, సంతోషమే. ఆ జేబు ఖర్చులో పెద్ద వాటా ఆపరేషన్లది కాదు, మందులది.

ఇక కార్డే లేనివాళ్ళు. మన రాష్ట్రంలో కొత్త రేషన్ కార్డుల దరఖాస్తులు ఏళ్ళ తరబడి పెండింగులో ఉండిపోయాయి. 2025లో మళ్ళీ పెద్ద ఎత్తున ఇచ్చారు. ఈ మధ్య కాలంలో పెళ్ళై వేరుపడ్డ జంటలు, పుట్టిన పిల్లలు ఏ కార్డులోనూ లేరు. రేషన్ కార్డు బియ్యానికి సంబంధించింది. దాన్ని ప్రాణానికి తాళంచెవి చేశాం.

ఇంకొక వర్గం ఉంది. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో సగం మంది ఆ వర్గమే. చెప్పుల దుకాణం, మెకానిక్ షెడ్డు, కిరాణం, దుబాయి నుంచి కొడుకు పంపే పైసలు. తెల్ల కార్డుకు ఎక్కువ, కార్పొరేట్ దవాఖానకు తక్కువ. చందా రసీదు మీద దాతగా పేరు ఉంటుంది, ఒక్క యాక్సిడెంటు అయితే రేపు దరఖాస్తు మీద అదే పేరు ఉంటుంది. 2021లో కరోనా రెండో అల వచ్చినప్పుడు ఇది మనం కళ్ళారా చూశాం. అంతకు ముందు సంవత్సరం ఇచ్చినవాళ్ళే ఆ సంవత్సరం భూమి కుదువ పెట్టారు. జాతీయ శాంపిల్ సర్వే 2017-18 లెక్కల్లో ఒకసారి అడ్మిట్ అయితే సగటు ఖర్చు సర్కారు దవాఖానలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845. ఇది అన్ని జబ్బులకూ కలిపి తీసిన సగటు. ఐసీయూ ఎక్కితే ఎంతవుతుందో ఎక్కించినవాళ్ళను అడగండి. కేంద్రం 2024 అక్టోబర్‌లో 70 ఏళ్ళు దాటిన అందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డు తెచ్చింది. మంచి అడుగే. మీ అమ్మా నాన్నలకు తీయించారా? కానీ 69 ఏళ్ళవాడు చేసిన పాపం ఏమిటి?

గల్ఫ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, కామారెడ్డి జిల్లాలో గల్ఫ్ లేని మాట ఉండదు కనుక. దుబాయిలో, సౌదీలో పనివాడి ఆరోగ్య బీమా యజమాని కట్టాలని చట్టం ఉంది. దుబాయి చట్టం 2013లో వచ్చింది. అక్కడ పని చేసినన్నాళ్ళు కార్డు ఉంటుంది. వీసా రద్దయితే కార్డు కూడా పోతుంది. మనిషి వాపస్ వచ్చేది ఒంట్లో శక్తి పోయిన తర్వాతనే. ఉద్యోగానికి కట్టిన పూచీ ఉద్యోగంతో పోతుంది, రేషన్ కార్డుకు కట్టింది కార్డుతో పోతుంది. మనిషికి కట్టాలి, మనిషిగా పుట్టినందుకు.

ఇప్పుడు వద్దనే వాళ్ళ వాదనలు. వాటిలో బలమైనవీ ఉన్నాయి, కొట్టిపారేయకూడదు.

ఫుకట్‌గా ఇస్తే విలువ ఉండదు, జనం ఊరికే దవాఖానలకు ఎగబడతారు అంటారు. ఉచితం కదా అని ఎవరూ గుండెకు కోత పెట్టించుకోరు. అయితే ఈ వాదనలో ఒక నిజం దాగి ఉంది, అది రోగి గురించి కాదు. కోత కావాలో వద్దో తేల్చేది రోగి కాదు, డాక్టరు. ఆరోగ్యశ్రీలో గర్భసంచి ఆపరేషన్లు ప్రైవేటులో ఎక్కువైపోయి, తర్వాత వాటిని, ఇంకా కొన్నింటిని సర్కారు దవాఖానలకే పరిమితం చేయాల్సి వచ్చింది. ముప్పై ఐదేళ్ళకే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు మన ఊళ్ళల్లో ఎందరున్నారో ఆశా కార్యకర్తలను అడిగితే చెప్తారు. డాక్టర్ వీణా శత్రుఘ్న, మరో ఇద్దరు కలిసి 2011లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం రాశారు. ఈ పద్ధతిలో ప్రజల సొమ్ము ప్రైవేటు దవాఖానలను పెంచుతుందని వాళ్ళ వాదన. నేను దానితో చాలావరకు ఏకీభవిస్తాను. పూచీ అంటే ప్రైవేటు బిల్లు సర్కారు కట్టడం ఒక్కటే అయితే అది రోగికి కాదు, బిల్లుకు పూచీ.

రెండో వాదన పైసలది. ఎక్కడి నుంచి తెస్తారు అంటారు. బాకీలు కట్టలేదని మన రాష్ట్రంలో నెట్‌వర్క్ దవాఖానలు 2019 ఆగస్టులో ఆరోగ్యశ్రీ ఆపాయి, 2025లో మళ్ళీ ఆపాయి. కార్డు మీద పది లక్షలని రాసి, దవాఖానకు ఏడాది బాకీ పెడితే, గుమ్మం దగ్గర నిలబడిన రోగికి ఆ అంకె ఏం ఉపయోగం? లిమిటు పెంచడం సులువు, పేమెంటు చేయడం కష్టం. అందుకే ఎన్నికల ముందు లిమిటు పెరుగుతుంది. పోనీ, పైసలు నిజంగా లేవా? 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి జీడీపీలో రెండున్నర శాతం ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టాలని చెప్పింది. 2021-22లో, కరోనా నడిచిన ఏడాదిలో కూడా, పెట్టింది 1.84 శాతం. లేని పైసలు కావు, పెట్టని పైసలు. పైగా 39 శాతం జనం ఇప్పటికే కడుతున్నారు, మిత్తికి తెచ్చి మరీ కడుతున్నారు. ఆ ఖర్చు కొత్తగా పుట్టేది కాదు. జబ్బు పడ్డ రోజున ఒక్కడి నెత్తిన పడుతున్నది, జబ్బు లేని రోజున అందరి నుంచి కొంచెం కొంచెంగా పన్నుగా తీసుకోవాలి. పన్ను కట్టేది మేము, తినేది వాళ్ళు అనే మాట కూడా వింటున్నాం. బీడీ చుట్టే ఆమె ఫోను రీచార్జి మీద 18 శాతం జీఎస్టీ కడుతుంది. ఆమె రసీదు ఎవరూ చూడరు, అంతే.

మూడో వాదన మనలాంటి వాళ్ళది. దానధర్మం ఉందిగా, ట్రస్టులు ఉన్నాయిగా, సర్కారు ఎందుకు? దీనికి జవాబు ఇంగ్లండు చరిత్రలో ఉంది. 1948కి ముందు అక్కడ దాతల చందాలతో నడిచిన దవాఖానలు చాలా ఉండేవి. 1895లో లండన్‌లోని రాయల్ ఫ్రీ హాస్పిటల్‌లో ఆల్మనర్ అని ఒక ఉద్యోగం పెట్టారు. వచ్చిన రోగి నిజంగా పేదవాడా, ఎంత కట్టగలడు, అబద్ధం చెప్తున్నాడా అని విచారించడం ఆ ఉద్యోగం పని. తర్వాత ఇతర దవాఖానలూ పెట్టుకున్నాయి. మన సొసైటీలో దరఖాస్తు వచ్చినప్పుడు ఇల్లు చూసి రావడానికి ఇద్దరు సభ్యులు పోతారు చూడండి, అదే. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఉన్న కొద్దిపాటి పైసలు సరైన చోట పడాలని తాపత్రయం. కానీ ఒళ్ళు కాలుతున్న మనిషిని ముందు ఇంటి పైకప్పు రేకులా, స్లాబా అని అడగాల్సి వస్తుంది. 1948 జూలై 5న, యుద్ధంలో దివాలా తీసి, తిండికి రేషన్ నడుస్తున్న రోజుల్లో, ఆ దేశం అందరికీ వైద్యం పన్నుల మీద నడిపిస్తామని నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలుపెట్టింది. ధనిక దేశమై తర్వాత మొదలుపెట్టలేదు. దానికి కూడా ఇప్పుడు క్యూలు, డాక్టర్ల సమ్మెలు ఉన్నాయి. అయినా బిల్లు చూసి గుండె ఆగే పరిస్థితి లేదు.

మన దగ్గరా దానం మొదలుపెట్టింది సర్కారు మోసిన సందర్భాలు ఉన్నాయి. నిజాం చారిటబుల్ ట్రస్టు పైసలతో ఎముకల దవాఖానగా మొదలైనదే 1980లో నిమ్స్ అయింది. ఇవాళ గాంధారి నుంచి కూడా జనం పోయే చోటు.

ఇంగ్లండు దూరం అంటారేమో. థాయిలాండ్ మనలాంటి దేశమే, వరి పండించే దేశం. 2001లో వాళ్ళు ముప్పై బాట్ పథకం మొదలుపెట్టారు. ఒక్కసారి దవాఖానకు పోతే ముప్పై బాట్, వాళ్ళ చిల్లర, అంతకు మించి లేదు. 2002లో చట్టం చేశారు. ఓపీ, మందులు, ఆపరేషన్ అన్నీ అందులోనే. అది ఎందుకు నిలిచిందంటే, అంతకు ముందు ఇరవై ముప్పై ఏళ్ళు వాళ్ళు జిల్లాల్లో, తాలూకాల్లో సర్కారు దవాఖానలు కట్టి, డాక్టర్లను పల్లెలకు పంపి ఉంచారు. కార్డు ఇచ్చిన రోజున ఆ కార్డు తీసుకొని పోవడానికి దగ్గర్లో ఒక గుమ్మం ఉంది. మనం కార్డు ముందు ఇచ్చి గుమ్మం తర్వాత కడుతున్నాం. కడుతున్నాం, కాదనను. 2023లో కామారెడ్డికి సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. బాన్సువాడ మాతా శిశు దవాఖాన తల్లిపాల విషయంలో దేశస్థాయి గుర్తింపు తెచ్చుకుంది. సర్కారు దవాఖాన అంటే ముక్కు మూసుకునేవాళ్ళు అక్కడికి పోయి చూడాలి. మనుషులుంటే, మందులుంటే, అడిగేవాళ్ళుంటే సర్కారు దవాఖాన నడుస్తుంది.

ఇది హక్కా, దయా అనే దగ్గర ఒక కేసు చెప్పాలి. హకీమ్ షేక్ అని పశ్చిమ బెంగాల్‌లో వ్యవసాయ కూలీల సంఘం సభ్యుడు. 1992 జూలైలో రైలు నుంచి పడ్డాడు, తలకు దెబ్బ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సౌకర్యం లేదన్నారు. అక్కడి నుంచి కలకత్తాలో ఒక సర్కారు దవాఖాన తర్వాత ఇంకొకటి తిప్పారు. మంచం లేదు, మంచం లేదు. చివరికి ప్రైవేటు దవాఖానలో చేర్చి బతికించుకున్నారు, దాదాపు 17 వేలు అయింది. సంఘం సుప్రీంకోర్టుకు పోయింది. 1996 మేలో తీర్పు వచ్చింది. అత్యవసర వైద్యం సకాలంలో ఇవ్వకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమే అని, పైసలు లేవని చెప్పి ప్రభుత్వం ఈ బాధ్యత తప్పించుకోలేదని కోర్టు తేల్చింది. 25 వేల పరిహారం ఇప్పించింది. ఒక కూలివాడి కేసు దేశం మొత్తానికి చట్టం అయింది. అంతకు యాభై ఏళ్ళ ముందే, 1946లో, జోసెఫ్ భోర్ కమిటీ ఇదే మాట చెప్పి ఉంది, కట్టలేడన్న కారణంతో ఎవరికీ వైద్యం ఆగకూడదని. 2023 మార్చిలో రాజస్థాన్ ఆరోగ్య హక్కు చట్టం చేసింది. ప్రైవేటు డాక్టర్లు రోడ్డెక్కారు, ఎమర్జెన్సీలో చూస్తే మా పైసలు ఎవరిస్తారని. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన రాష్ట్రంలో అట్లాంటి చట్టం లేదు. ఇక్కడ ఉన్నది పథకం. పథకానికి పేరు మారుతుంది, ఫోటో మారుతుంది, లిమిటు మారుతుంది. చట్టం అయితే మనిషి కోర్టుకు పోయి అడగగలడు.

ఇంతా చెప్పి మన ఫండ్ మూసేయమంటానా? లేదు. జకాత్ ఎవరికి చెందాలో చెప్పిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో మునిగినవాళ్ళు ఒకరు. దవాఖాన అప్పు కంటే నిజమైన అప్పు ఇవాళ ఏముంది? కాబట్టి మన పైసలు ఉండాల్సిందే. అయితే కార్డు కట్టే చోట మనం మళ్ళీ కట్టొద్దు. కార్డు కట్టని చోట కడదాం. డయాలసిస్ సర్కారు చేయిస్తుంది, నిజమే. వారానికి మూడుసార్లు సెంటరుకు పోయి వచ్చే ఆటో చార్జీ, వెంట పోయిన మనిషి కూలి ఎవరిస్తారు? ఆపరేషన్ ప్యాకేజీలో డిశ్చార్జి తర్వాత కొద్ది రోజుల మందులు ఉంటాయి, కొన్ని జబ్బులకు ఏడాది మందులూ ఉంటాయి. అవి తెచ్చుకోవడానికి హైదరాబాద్ పోలేక మానేసినవాళ్ళను నేను చూశాను. బీపీ, షుగర్ గోలీలు సబ్‌సెంటర్‌లో ఉచితంగా ఇస్తారు. నెల మధ్యలో స్టాకు అయిపోతే ఆ పదిహేను రోజులకు మనం కొనిద్దాం, అదే రోజు స్టాకు ఎందుకు లేదని రాసి కూడా ఇద్దాం. రెండోది మర్చిపోతే మొదటిది సర్కారుకు మనం ఇచ్చే సబ్సిడీ అవుతుంది.

ఇంకొక మనవి, చెక్కు ఇచ్చేటప్పుడు ఫోటోల గురించి. ఈ సావనీరులోనే పాత సంచికలు తిరగేస్తే రోగులు మంచం మీద పడుకుని చెక్కు పట్టుకున్న ఫోటోలు కనిపిస్తాయి. దాతలకు లెక్క చూపించాలి, ఒప్పుకుంటాను. అంకెలు చూపిద్దాం. మొహాలు వద్దు.

మన ఎమ్మెల్యే గారి దగ్గరికి ప్రతి ఏడాది వినతి పత్రం తీసుకుపోతాం కదా, ఈసారి అందులో సీఎంఆర్‌ఎఫ్ పేర్ల జాబితా ఒక్కటే పెట్టొద్దు. మన మండల దవాఖానలో రాత్రిపూట డాక్టరు ఉండాలని, షుగర్, కిడ్నీ పరీక్షలు ఇక్కడే జరగాలని, నెలంతా గోలీల స్టాకు ఉండాలని రాద్దాం. మసీదు కమిటీ సంతకం, గుడి కమిటీ సంతకం, తండా పెద్దల సంతకం అన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. ఒక్క మనిషి పేరు మీద అడిగితే చెక్కు వస్తుంది. అందరి పేరు మీద అడిగితే డాక్టరు వస్తాడు, ఆలస్యంగానైనా.

చివరగా కార్డుల సంగతి. వచ్చే జుమా నమాజు తర్వాత మసీదు వరండాలో ఒక టేబుల్ వేస్తున్నాం. అన్ని కులాలవాళ్ళూ రావచ్చు. కంప్యూటర్ తెలిసిన మన పిల్లలు ఇద్దరు కూర్చుంటారు. రేషన్ కార్డు, ఆధార్ రెండూ తెచ్చుకోండి, ఇంట్లో 70 దాటినవాళ్ళ ఆధార్ కూడా. ముందు ఇంట్లోనే పేర్లు సరిచూసుకోండి. మన వాళ్ళ పేర్లతో పెద్ద తంటా. ఒక కార్డులో ఎండీ, ఇంకో కార్డులో మహమ్మద్, మూడోదాంట్లో మొహమ్మద్. ఆడవాళ్ళకు ఒక చోట బేగం, ఇంకో చోట బీ. దవాఖాన కౌంటరు దగ్గర, మనిషి స్ట్రెచర్ మీద ఉన్నప్పుడు, ఈ అక్షరాల పంచాయతీ తెగదు. చిన్న పిల్లల పేర్లు కార్డులో ఎక్కాయో లేదో చూడండి, బర్త్ సర్టిఫికెట్ వెంట తెండి. సాయంత్రం అసర్ దాకా టేబుల్ ఉంటుంది.